నెలకు ఎన్ని

"నెలకెన్ని కాలుస్తావు సామీ?"
తల పైకెత్తకుండా అడిగినాడు దస్తగిరి.
చిత్తూరు గిరింపేట సందులో ఆయన అంగడి.
తుపాకి నూనె వాసన, తడిసిన గోనెసంచి వాసన.
ఫ్యాను తిరిగినంతసేపూ
అద్దం కట్టించిన లైసెన్సు కాగితం
గోడను మెల్లగా తడుతూ ఉంటుంది.

రెండొందలన్నాను.
అబద్ధానికి ఎందుకో
గుండ్రటి అంకెలే నోటికొస్తాయి.

బల్లమీద రెండు మిషన్లు.
ఒకటి కొత్తది, నీలం రంగు.
పిడి లాగిన ప్రతిసారీ పళ్ళెం ఒక గడి జరుగుతుంది,
ఐదు గదుల్లో ఐదు పనులు ఒక్క దెబ్బకే.
తోతాపురి కాలంలో జ్యూసు ఫ్యాక్టరీ బెల్టు మాదిరి
ఎవరికోసమూ ఆగేది కాదు.
రెండోది ఇనప ముద్ద.
ఒక పిడి, ఒక రంధ్రం,
మురుకుల గొట్టానికి దూరపు చుట్టం.
పక్కన ఎవరో మేకుతో గీకిన అక్షరాలు, కె.వి. అని.
ఆ కె.వి. ఎవరో, ఆయన గురి ఎట్లాంటిదో.

నా కండ్లు నీలం మీదే ఉన్నాయి.
దస్తగిరి నా పుస్తకం అందుకొని
వేలు తడుపుకొని పేజీలు తిప్పినాడు.
పోయినేడు మొత్తానికీ కొన్న తూటాలు
"నలభై" అన్నాడు.
అంతే. రెండొందల మాట ఎత్తలేదు.
మర్యాదస్తుడు.

"తిలకవతమ్మ ఉంది, పలమనేరు కోడలు.
పొద్దున నూరు మట్టిపిట్టలు పగలగొట్టందే కాఫీ ముట్టదు.
ఆమెకు కావాల ఈ నీలంది.
నీకెందుకబ్బా?
నువ్వు ఒకటి కాల్చి, దుర్భిణిలో చూసి,
గాలి ఎటుందో పుస్తకంలో రాసుకొని
రెండోది కాల్చేలోపల
నేను నమాజు చేసుకొని టీ తాగి వస్తాను."

నవ్వినాను. రవంత నొచ్చుకున్నాను కూడా.

వేగం నాకు తెలీనిది కాదు దస్తగిరీ.
హెడ్డు పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏండ్లు
ముద్ర కొట్టిన చెయ్యి ఇది.
సిరామెత్త, కవరు, మెత్త, కవరు,
పక్కనోడు మాట్లాడుతుంటే వింటూనే
గంటకు వెయ్యి దాటించినాను.
ఏ ఊరి ఉత్తరమో, ఎవరి చేతిరాతో
ఒక్కటీ చూసిన పాపాన పోలేదు.
రిటైరైన రోజు శాలువా కప్పి
ఎన్ని లక్షల ముద్రలో లెక్కగట్టి చదివినారు.
అందరూ చప్పట్లు కొట్టినారు.
నాకు ఒక్క చిరునామా గుర్తు రాలేదు.

ఇదంతా ఆయనకు చెప్పలేదు.
"ఆ ఇనపదే కట్టించు" అన్నాను.
"నిదానం మిషను సామీ అది,
ఒక తూటా అయ్యేలోపల దాన్ని నాలుగుసార్లు చేతిలోకి తీసుకోవాల."
"తీసుకుంటాను."

పాకాల బస్సులో ఒడినిండా ఇనుము.
కండక్టరు తట్టి చూసి
"ఏంది సార్, చెరుకురసం మిషనా?"
అవునన్నాను. లగేజి టికెట్టు కొట్టినాడు.

వంటింటి బల్లకు ఇంటామె ఒప్పుకోలేదు.
కిటికీ పక్కన పాత టైపు మిషను బల్లకు బిగించినాను.
చంద్రగిరి అవతలి రేంజిలో
వంగి వంగి ఏరుకొచ్చిన ఇత్తడి గొట్టాలు,
ఇరవై,
దీపం కింద వరసగా నిలబెట్టినాను.
ఒకదానికి నోటిమీద మసి.
ఒకదానికి నడుమున చిన్న సొట్ట,
రాయిమీద పడినట్టుంది.
పదకొండోదాని మెడలో
వెంట్రుకంత పగులు.
వేగంగా పోయుంటే కనపడేది కాదు.
అది ఇంక మళ్ళీ పనికిరాదు.
పారేయబోయి, జేబులో వేసుకున్నాను.

పిడి కిందికి లాగితే
ముద్ర పడినప్పటి చప్పుడే,
కాకపోతే ఈసారి
దేనిమీద పడిందో చూస్తున్నాను.

పంతొమ్మిది.
ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది.